మీకు అంటే ఎవరికి?

ఈ శీర్షికకి సంపాదకులు 'సమాధానం' అని పేరు పెట్టిన రోజున నాలో నేనే నవ్వుకున్నాను. ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పాను. బడిలో సమాధానం అంటే జవాబు. ఆదివారం గుడికి వెళ్తే సమాధానం అంటే నెమ్మది, శాంతి. (మా వైపు చర్చిని గుడి అనే అంటాం.) మొదటిది నాకు చేతనైనంత రాస్తాను. రెండోది ఇవ్వడం నా వల్ల అయ్యే పని కాదు.

ఈ నెల ఉత్తరాల్లో నాలుగు తీశాను. మొదటిదానికే సగం చోటు పోయింది. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

అమ్మగారూ, మాది తెనాలి దగ్గర పల్లె. కిందటేడు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి వాగ్దానం కార్డు (బైబిలు వచనం రాసిన చీటీ) తీస్తే మా అబ్బాయికి యిర్మీయా 29:11 వచ్చింది. లామినేషన్ చేయించి టీవీ పక్కన పెట్టాం. ఎస్సై పరీక్షలో పరుగు, రాతపరీక్ష అన్నీ గట్టెక్కి చివర్లో కొద్ది మార్కులతో పోయింది. 'మీ విశ్వాసం చాలలేదు' అన్నారు మా దైవజనులు. అప్పట్నించీ వాడు గుడికి రావడం మానేశాడు, కార్డు బీరువా మీద బోర్లా పడేశాడు. దేవుడి మాట తప్పిందా, మా విశ్వాసం తప్పిందా? – ఒక తల్లి (పేరు వేయవద్దు)

అమ్మా, ముందు నా తప్పు చెప్పుకోనివ్వండి. ఆ కార్డులు రాసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

మా ఆయన పాస్టరుగా ఉన్న రోజుల్లో అచ్చు కార్డులు కొనే స్తోమత మా సంఘానికి లేదు. డిసెంబరు రెండోవారం నుంచి ఆయన డ్రాయింగ్ షీట్లు కత్తిరించి ఇచ్చేవారు, నేను స్కెచ్ పెన్నుతో వచనాలు రాసేదాన్ని. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని పేరు. నూట యాభై కార్డులు. చేతివేళ్ళు నొప్పి పుట్టేవి. యిర్మీయా 29:11 ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. దాని పైనున్న పదో వచనం మాత్రం ఒక్కసారీ రాయలేదు. ఎందుకు రాయలేదంటే, రాస్తే ఎవరూ సంతోషంగా ఇంటికి వెళ్ళరు.

పదో వచనంలో ఏముందో చూడండి. బబులోనుకు డెబ్బై ఏళ్ళు గడిచాకనే మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను అని ఉంది. డెబ్బై! ఆ వెంటనే పదకొండో వచనం: "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." పళ్ళెంలో ఇది ఒక వాక్యం. బైబిల్లో ఇది ఒక ఉత్తరం మధ్యలో మాట. ఆ ఉత్తరానికి చిరునామా ఉంది, తీసుకెళ్ళినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి: షాఫాను కొడుకు ఎల్యాశా, హిల్కీయా కొడుకు గెమర్యా. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్రెజరు యూదుల రాజధాని యెరూషలేము మీదికి వచ్చి, యెకొన్యా రాజునీ పెద్దలనీ పనిమంతులనీ బబులోనుకు పట్టుకుపోయాడు. ఊళ్ళో మిగిలిపోయిన యిర్మీయా ప్రవక్త, అక్కడికి పోయినవాళ్ళకి రాసిన ఉత్తరం ఇది.

అప్పుడు వాళ్ళ చుట్టూ ఏం జరుగుతోందో ముందరి అధ్యాయం, 28, చెబుతుంది. హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్ళలో అందరూ వెనక్కి వచ్చేస్తారని దేవుడి పేరు మీద చెప్పాడు. జనానికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఊహించుకోండి. యిర్మీయా కూడా మొదట 'ఆమేన్' అనే అన్నాడు, అలా జరిగితే బాగుండునని. తరవాత దేవుడు చెప్పమన్నది చెప్పాడు: రెండు కాదు, డెబ్బై. కాబట్టి ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చెయ్యండి. ఇది చదివి బబులోనులో షెమయా అనేవాడు మండిపడి, ఈ యిర్మీయాని బొండలో, అంటే కాళ్ళు బిగించే కొయ్యలో, ఎందుకు వేయించలేదని యెరూషలేములో యాజకుడికి ఎదురు ఉత్తరం రాశాడు. అంటే, మనం పూలబొమ్మ మీద అచ్చేసి పంచుకుంటున్న ఉత్తరం, మొదట అందుకున్నవాళ్ళకి చేదుమందు.

597లో ముప్పై ఏళ్ళున్నవాడు, బబులోనుని గెలిచిన పారసీక రాజు కోరెషు 538లో తిరిగి వెళ్ళమని సెలవిచ్చేనాటికి తొంభైకి దగ్గరపడి ఉంటాడు. 'మిమ్మును' తిరిగి రప్పిస్తానన్న మాట వాళ్ళ మనవల కాళ్ళతో నెరవేరింది.

ఇక్కడ నా తెలుగు పంతులమ్మ బుద్ధి పోనిచ్చుకోలేను. మనం ఇప్పుడు పెద్దవాళ్ళని ఒక్కరినైనా 'మీరు' అంటాం. పాత బైబిలు తెలుగులో దేవుడు ఒక్కడితో మాట్లాడితే 'నీవు' అంటాడు, అబ్రాహామునైనా దావీదునైనా. 'మీరు' అంటే పదిమంది. హీబ్రూలో కూడా అక్కడ ఉన్నది బహువచనమే. కార్డు చేతికి వచ్చేసరికి ఆ 'మీకు' కాస్తా గౌరవవాచకం అయిపోయి, మీ అబ్బాయి ఒక్కడి పేరునా, ఒక్క ఏడాదికీ, ఒక్క ఉద్యోగానికీ ఇచ్చిన హామీపత్రం అయిపోయింది.

ఇంకోటి. ఏడో వచనంలో ఆ పట్టణపు 'క్షేమము' కోరండి, దాని 'క్షేమము' మీ 'క్షేమము' అని మూడుసార్లు ఉంది. హీబ్రూలో ఆ మాట షాలోమ్. పదకొండులో 'సమాధానకరమైన' అన్నచోటా అదే షాలోమ్. అనువాదం చేసినవాళ్ళు అక్కడ ఒక మాట, ఇక్కడ ఒక మాట వాడారు. తప్పని నేననను, కానీ ముడి తెగిపోయింది. దేవుడు వాళ్ళకోసం అనుకున్న మేలు, శత్రువు ఊళ్ళో ఆ శత్రువులతోపాటు బాగుపడే మేలు. అది మనకి తెలుగులో కనపడదు. 'నిరీక్షణ' సంగతీ అంతే. పాత తెలుగు బైబిల్లో నిరీక్షణ అంటే ఆశ. ఇవాళ బస్టాండులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. ఈ ఉత్తరం విషయంలో మాత్రం రెండు అర్థాలూ సరిపోయాయి లెండి.

వాళ్ళు నిజంగానే తోటలు వేసుకున్నారు తెలుసా? బబులోను ప్రాంతంలో దొరికిన మట్టిపలకల్లో 'యూదా ఊరు' అనే పేరుతో ఒక ఊరు కనిపిస్తుంది. వాటిలో పాతది క్రీ.పూ. 572 నాటిది. యూదుల పేర్లతో పొలాల కౌళ్ళు, బార్లీ, ఖర్జూరం, పన్ను బాకీలు, అన్నీ ఉన్నాయి. యెకొన్యా రాజుకీ ఆయన కొడుకులు ఐదుగురికీ నూనె కొలిచి ఇచ్చిన పద్దు పలకలు కూడా బబులోను తవ్వకాల్లో దొరికాయి. చెరలో పద్దు రాసి నూనె పోయించుకున్న రాజు! అద్భుతం అంటే అది కాదనుకుంటాం మనం.

మరైతే ఆ వచనం మనది కాదా అని మీరు అడుగుతారు. మా అమ్మమ్మ పెట్టెలో ఒక ఉత్తరం ఉండేది. మా తాతయ్య రంగూనులో రైసుమిల్లు కూలీగా ఉండగా ఎవరిచేతో రాయించి పంపింది. "గేదెను అమ్మవద్దు. కొట్లో బాకీ మనియార్డరు రాగానే తీర్చేది. పెద్దపిల్లను బడి మానిపించవద్దు" అని ఉంటుంది అందులో. ఆ పెద్దపిల్ల మా అమ్మ. ఆ ఉత్తరం ఇప్పుడు నా దగ్గరుంది. నాకు గేదె లేదు. కొట్లో బాకీ నేను తీర్చక్కర్లేదు. అయినా అది నాది కాదని ఎవరంటారు? నేను పంతులమ్మనయ్యానంటే ఆ మూడోమాట వల్లే. గేదె సంగతి నాకు ఆజ్ఞ కాకపోయినా, రాసినాయన ఎలాంటివాడో ఆ గేదె వల్ల కూడా తెలుస్తుంది. యిర్మీయా ఉత్తరం మనకి అలా వచ్చింది. మొదట వాళ్ళది. వాళ్ళ చేతుల్లోంచి మనకి.

కాబట్టి దేవుడి మాట తప్పలేదు, ఆ మాట ఎస్సై పరీక్ష గురించి కాదు గనక. మీ విశ్వాసమూ తప్పలేదు. కొద్ది మార్కులతో పోయిన పిల్లాడికి 'విశ్వాసం చాలలేదు' అనడం నాకు హనన్యా మాటలాగే వినిపిస్తోంది. హనన్యా ముందుగా చెప్పాడు, వీరు వెనకగా చెప్పారు. అంతే తేడా.

నేను కార్డులు ఎప్పుడు మానేశానో చెప్తాను. ఒక ఏడాది మా సంఘంలో అరవై దాటిన ఒకాయనకి, భార్య పోయి మూడు నెలలు కాలేదు, "నీ లోగిట నీ భార్య ఫలించు ద్రాక్షావల్లివలె నుండును" అన్న కార్డు వచ్చింది. నా దస్తూరే. ఆయన చదువుకుని, ఎవరూ చూడకుండా దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసి, ఇంకోటి తీసుకోకుండా వెళ్ళి కూర్చున్నారు. మరుసటి డిసెంబరులో మా ఆయన షీట్లు తెస్తే, నేను రాయను, రాయాలంటే అధ్యాయం మొత్తం రాస్తాను అన్నాను. ఆ ఏడాది పళ్ళెం తిరగలేదు. కొందరు అలిగారు కూడా.

మీ అబ్బాయి దగ్గర కొన్నాళ్ళు వాక్యం ఎత్తకండి. ఇరవై తొమ్మిదో అధ్యాయం కూడా ఇప్పుడే చదివించకండి, అదింకో కార్డు అవుతుంది. వేళకి అన్నం పెట్టండి. మళ్ళీ పరీక్ష రాస్తాడో, వేరే పని చూసుకుంటాడో వాణ్ణి తేల్చుకోనివ్వండి. ఆ బోర్లా ఉన్న కార్డుని మాత్రం మీరు తిప్పి పెట్టకండి.

మా యూత్ మీటింగులో 'దేవుడికోసం మండితే మండు, లేకపోతే పూర్తిగా చల్లారిపో, మధ్యలో ఉండకు' అని ప్రకటన 3:15 చూపించారు. దేవుడు మనిషి చల్లారిపోవాలని కోరుకుంటాడా అండీ? – ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

మంచి అనుమానం, నాయనా. ఆ మాట లవొదికయ అనే ఊళ్ళోని సంఘానికి రాసింది: నువ్వు చల్లగానూ లేవు, వెచ్చగానూ లేవు, ఏదో ఒకటైతే మేలు అని. లవొదికయ ఊరికి సొంత మంచినీళ్ళు చాలవు. గొట్టాల్లో రప్పించుకునేవాళ్ళు. లోపల సున్నం పేరుకుపోయిన ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ అక్కడ పడి ఉన్నాయి. లోయకి ఎదురుగా హియెరాపొలి. అక్కడ వేడినీటి ఊటలు, నొప్పులకి మంచివని జనం వెళ్ళేవాళ్ళు. ఇవాళ పాముక్కలే పేరుతో తుర్కియేలో యాత్రికులు చూసేది అదే. ఇంకోవైపు కొలొస్సయి, కొండ కింద చల్లని వాగు. ఈ ఊళ్ళు ఒకదానికొకటి దగ్గరివే. కొలొస్సయులకు రాసిన పత్రికలో కూడా కలిపే కనిపిస్తాయి. వేడినీళ్ళు ఒంటికి పనికొస్తాయి, చన్నీళ్ళు దాహానికి పనికొస్తాయి. లవొదికయ నీళ్ళు ఎందుకూ కొరగావు, నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాలి. ఇలా చదివితే చల్లదనం కూడా మెచ్చుకోలే అవుతుంది. పండితుల్లో దీనిమీద వేరే మాటలూ ఉన్నాయి గానీ, నాకు ఇది సబబుగా ఉంది.

అసలు ఈ అనుమానం తెలుగువాడికి ఎప్పుడో రావలసింది. మన ఇళ్ళల్లో 'చల్లగా ఉండు' అంటే దీవెన. 'నీ కడుపు చల్లగా' అంటాం. ఖమ్మం మే నెల ఎండలో కుండలో నీళ్ళు ఇచ్చినవాడిని ఏమంటావు? చల్లారడం వేరు, చల్లగా ఉండడం వేరు. మత్తయి 24:12లో "అనేకుల ప్రేమ చల్లారును" అని ఉంది, అది చెడ్డ సంగతే. ప్రకటనలో ఉన్న మాట 'చల్లగా'. మీ మీటింగులో రెండూ కలిపి ఉడికించారు.

నాకు ఫిబ్రవరిలో పెళ్ళి. అబ్బాయి వాళ్ళ సహవాసంలో బంగారం పెట్టుకోకూడదట, పూలు కూడా వద్దట. 1 పేతురు 3:3 చూపించారు. మా అమ్మమ్మ చంద్రహారం నాకోసం దాచి ఉంచింది. అమ్మ ఏడుస్తోంది. వాక్యానికి లోబడాలా, అమ్మమ్మ మాట నిలబెట్టాలా? – పెళ్ళికూతురు, రాజమండ్రి

తల్లీ, బైబిలు తెచ్చుకుని ఆ వచనం మీద వేలు పెట్టి చదువు. "జడలు అల్లుకొనుటయు, బంగారునగలు పెట్టుకొనుటయు, వస్త్రములు ధరించుకొనుటయు అను వెలుపటి అలంకారము..." మూడున్నాయి. రెండోది నిషేధం అయితే మొదటిదీ నిషేధమే, మూడోదీ నిషేధమే. జడ వేసుకోకుండా ఉండొచ్చు. మూడోది పాటించే సహవాసం భూమ్మీద లేదు. పేతురు అంటున్నది ఇది పెట్టుకోకు, అది పెట్టుకోకు అని కాదు, నీ అలంకారం అనేది వీటిలో ఉండకూడదని.

ఎవరికి రాశాడో కూడా చూడు. పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియల్లో చెదిరి ఉన్నవాళ్ళకి. అందులోనూ ఈ మాటలు పెళ్ళైన ఆడవాళ్ళకి, ముఖ్యంగా భర్త వాక్యాన్ని ఒప్పుకోని ఇంట్లో కాపురం చేస్తున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మొదటి వచనంలోనే ఉంది. రోమా రాజ్యంలో ఆ కాలపు కలవారి ఆడవాళ్ళ రాతిబొమ్మలు మ్యూజియంలలో ఉన్నాయి, ఫోటోలు చూడు. తల మీద జుట్టు అంతస్తులంతస్తులుగా కట్టి ఉంటుంది. అది తానొక్కతీ చేసుకునేది కాదు, పక్కన దాసీలు నిలబడి గంటలకొద్దీ చెయ్యాలి. తిమోతి పత్రికలో కూడా జడ, బంగారం, ముత్యాలు, వెలగల బట్టలు ఒకే మూటగా కట్టి చెప్పింది అందుకే. వాళ్ళ సంఘాల్లో దాసీలూ ఉండేవాళ్ళు. పక్కపక్కనే కూర్చోవాలి. ఆ మూటలో మీ అమ్మమ్మ చంద్రహారం పడుతుందా అనేది అసలు ప్రశ్న.

మా నాయనమ్మ సంగతి చెప్తాను. ఆవిడ చిన్నప్పుడు మా పేటలోవాళ్ళు వెండి కడియాలు పెట్టుకుని ఆసాముల వీధిలోంచి నడవడానికి లేదు. తీసి కొంగున కట్టుకుని, వీధి దాటాక పెట్టుకునేవాళ్ళట. ఆవిడే అరవై ఏళ్ళ వయసులో, చీటీ పాట డబ్బుతో రెండు కాసుల గొలుసు చేయించుకుని, అదే వీధిలోంచి గుడికి నడిచి వెళ్ళింది. మా పెద్దవాళ్ళు ఆ నడక గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. రోమా దొరసానికి 'నీ బంగారం నీ గొప్ప కాదు' అన్న మాటా, మా నాయనమ్మకి 'నీ గొలుసు తీసెయ్యి' అన్న మాటా ఒకటేనా? మాటలు ఒకటే కావచ్చు. చెవులు ఒకటి కాదు.

పైగా మన ఆడవాళ్ళకి బంగారం అలంకారం ఒకటే కాదు. భూమి మగవాళ్ళ పేరున ఉన్న ఇళ్ళల్లో ఆడదాని పేరున ఉన్నదల్లా ఆ మెడలోదే. మా ఆయన గుండె జబ్బుకి ఆసుపత్రి కట్టింది నా గాజులు, బ్యాంకులో కుదువ పెట్టి. రిబ్కాకి అబ్రాహాము దాసుడు పెట్టిన ముక్కుకమ్మి అరతులం, కడియాలు పది తులాలు అని ఆదికాండము 24లో తూకంతో సహా రాశారు. తులాలని రాశారు చూడు మన తెలుగు చేసిన పెద్దలు, కంసాలి కొట్టు లెక్క తెలిసినవాళ్ళు!

అలాగని నీకు ఇష్టం లేకుండా బంగారం పెట్టుకోమని చెప్పను. ఆ సహవాసాల్లో నగలు తీసేసిన ఆడవాళ్ళలో నిజంగా లోకం మీద మోజు వదులుకున్నవాళ్ళని చూశాను, వాళ్ళంటే నాకు గౌరవం. మన పెళ్ళిళ్ళలో అద్దె నగలూ వన్ గ్రామ్ గోల్డూ దిగేసుకుని ఫోటోకి నిలబడడం చూస్తే పేతురు మాట మనకి తగులుతుంది కూడా. కానీ అది ఎవరికి వారు తీసెయ్యాలి, పెళ్ళి షరతుగా అవతలివాళ్ళు తీయించేది కాదు.

నీ ఉత్తరంలో ఒక సంగతి లేదు. మెడలో బంగారం వద్దన్నారు, సరే. కట్నం కూడా వద్దన్నారా? వద్దని ఉంటే వాళ్ళు పేతురుని నిజంగా చదివారని నేను ఒప్పుకుంటాను. కూర్చుని మాట్లాడండి, సర్దుకుంటుంది. కట్నం మాట్లాడుకుని, మెడలోది మాత్రం వద్దని ఉంటే, ఆ బంగారం నీ మెడలోంచి వాళ్ళ బీరువాలోకి నడిచింది, అంతే. 1961 నుంచి చట్టప్రకారం అది నేరం. అప్పుడు ఏడవాల్సింది చంద్రహారం గురించి కాదని అమ్మతో చెప్పు.

మేం డాలస్‌లో ఉంటాం. పక్కింటి తెలుగువాళ్ళు సత్యనారాయణ వ్రతం చేసుకుని ప్రసాదం, పులిహోర తెచ్చి ఇచ్చారు. నవ్వుతూ తీసుకుని, వాళ్ళు వెళ్ళాక చెత్తబుట్టలో వేశాను. మా ఆరేళ్ళ పాప చూసి 'ఆంటీ ఇచ్చింది ఎందుకు పారేశావు?' అంది. విగ్రహార్పితం తినకూడదు కదా. నేను చేసింది తప్పా? – ఒక చెల్లెలు

చెల్లెమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు అడుగుతున్నది పౌలునా, పాపనా అని నాకు అనుమానం.

కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో పౌలు దీనికి ఒక్క జవాబు ఇవ్వలేదు. కొరింథు రోమావాళ్ళు చదును చేసి, మళ్ళీ జూలియస్ సీజరు క్రీ.పూ. 44లో కట్టించిన ఊరు. అన్ని దేశాలవాళ్ళూ, అందరి దేవుళ్ళూ ఉన్నారు. గుళ్ళని ఆనుకునే భోజనాల గదులు ఉండేవి. గ్రీకుల వైద్యదేవుడు అస్క్లేపియస్ గుడి తవ్వకాల్లో అలాంటివి, గోడల వెంబడి ఆనుకుని తినే మంచాలతో సహా, బయటపడ్డాయి. పుట్టినరోజులూ విందులూ అక్కడే. అందుకని పౌలు చోటుని బట్టి విడదీశాడు. గుడిలో, ఆ బల్ల దగ్గర కూర్చుని తినడం: వద్దు. కటికవాడి అంగడిలో కొన్నది: అడక్కుండా తిను. అవిశ్వాసి ఇంటికి భోజనానికి పిలిస్తే: ఇష్టమైతే వెళ్ళు, వడ్డించింది "ఏ విచారణయు చేయక తినుడి." ఎవరైనా 'ఇది అర్పించినది' అని చెబితే: తినకు. ఎవరికోసం? "నీ సొంత మనస్సాక్షి నిమిత్తము కాదు ఎదుటివాని మనస్సాక్షి నిమిత్తమే."

నువ్వు అడిగిన చోటు ఈ నాలుగింటి మధ్యలో పడింది. ఇల్లే, గుడి కాదు. ప్రేమతో వడ్డించినదే. కానీ ప్రసాదం అని చెప్పే ఇచ్చారు. కాబట్టి ప్రసాదం తినేయమని నేను తేలిగ్గా చెప్పలేను. నేనైతే తినను. పులిహోర సంగతి వేరు. నైవేద్యం పెట్టినదో కాదో చెప్పకుండా గిన్నెలో పోసి ఇస్తే, నేను విచారణ చెయ్యను, ఇంకాస్త ఉంటే పెట్టమంటాను. నీకు అలా కుదరదనిపిస్తే తినకు. పౌలు తినేవాడినీ తప్పుపట్టలేదు, మానేవాడినీ తప్పుపట్టలేదు. నవ్వుతూ పుచ్చుకుని చెత్తబుట్టలో వెయ్యమని మాత్రం ఎక్కడా రాయలేదు. అది ఎవరి మనస్సాక్షికీ పనికిరాలేదు. ఆంటీది సరే, ఆమెకి తెలియదు. నీది నలిగింది గనకే ఉత్తరం రాశావు. పాపది?

మా స్కూల్లో లెక్కలు చెప్పే టీచరుగారు పాతికేళ్ళు నాకు పక్కిల్లు. మడీ ఆచారం ఉన్న ఇల్లు. నేను మొదటి ఏడాదే, గుమ్మంలోనే నిలబడి, "ఏమీ అనుకోకండి, దేవుడికి పెట్టింది నేను పుచ్చుకోను, మీ వంట మాత్రం వదలను" అని చెప్పేశాను. చెప్పేటప్పుడు కాళ్ళు వణికాయి. ఆవిడ ఒక్క నిమిషం చూసి, లోపలికి వెళ్ళిపోయారు. అయిపోయింది స్నేహం అనుకున్నాను. వచ్చే ఉగాదికి స్టీలు గిన్నెతో వచ్చారు: "ఇది నైవేద్యానికి ముందే తీసి పక్కన పెట్టానండీ, మీకోసం." బొబ్బట్లు. అప్పట్నించీ ప్రతి పండక్కీ ఆ ఇంట్లో నాకో గిన్నె ముందే పక్కకి వెళ్ళేది. క్రిస్మస్‌కి నేను కేకు పంపితే గుడ్డు ఉంటుందని ఆవిడ పుచ్చుకోరు. అందుకని అరిసెలు వండేదాన్ని, మా ఇంట్లో మాంసం వండని రోజు చూసుకుని, విడిగా ఉంచిన మూకుట్లో. పౌలు పేరు ఆవిడ ఎప్పుడూ విని ఉండరు. ఎదుటివాని మనస్సాక్షి నిమిత్తం అంటే ఏమిటో నాకు ఆ స్టీలు గిన్నె చూశాకే తలకెక్కింది. అంతకుముందు ఆ వచనం మీద రెండుసార్లు స్త్రీల కూటంలో మాట్లాడాను కూడా, సిగ్గులేకుండా.

గిన్నె నీ దగ్గరే ఉంది కదా ఇంకా? ఖాళీగా తిరిగి ఇవ్వకు. ఏదైనా వండి పాపని వెంటబెట్టుకుని వెళ్ళు. ఆవిడతో ఏం చెప్పాలో అక్కడికి వెళ్ళాక నీకే తోస్తుంది. పాపకి ఆ రోజు ఏమని జవాబు చెప్పావో రాయలేదు. వచ్చే నెలకి అది రాసి పంపు.